వదిన జీతం, నా చదువు

కిందటి వారం మా అమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి మరీ చెప్పిన మాట మీరు మర్చిపోయి ఉండొచ్చు గానీ నేను మర్చిపోలేదు. "ముందు మీ వదినతో మాట్లాడు. అది సరేనంటే నేనూ సరే." నెల్లాళ్ళుగా ఇంటిల్లిపాదీ నలుగుతున్న గొడవని ఎత్తుకెళ్ళి వదిన నెత్తిన పెట్టేసి, హాయిగా ఎవరిదో కోటు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది.

గొడవేంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. నాకు రెండు చోట్ల సీటొచ్చింది. రెండూ కెమిస్ట్రీయే. ఒకటి ఇక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న పెద్ద యూనివర్సిటీలో నాలుగేళ్ళ డిగ్రీ. దానికయ్యే అప్పు, మా డ్రైక్లీనింగ్ షాపు మిషన్లతో సహా అమ్మినా తీరదు. రెండోది ఈ ఊళ్ళోనే, రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు నడిపే మూడేళ్ళ కోర్సు. ఫీజు వాళ్ళే కట్టుకుంటారు, చేతిఖర్చులకి కూడా ఇస్తారు. అయ్యాక అయిదేళ్ళు వాళ్ళ దగ్గరే పనిచెయ్యాలి. ఏదో ఒకటి శుక్రవారంలోగా తేల్చి చెప్పాలి. పెద్దదానికి బ్యాంకు అప్పు కావాలి, అప్పుకి హామీ సంతకం కావాలి, ఆ సంతకం నెలజీతం వచ్చేవాళ్ళు పెట్టాలి. మా ఇంట్లో నెలజీతమనే మాట ఉన్నది వదిన ఒక్కదానికే. అమ్మా అన్నయ్యా చూసుకునేది షాపు. షాపుకి మంచి నెలలూ చెడ్డ నెలలూ ఉంటాయి గానీ జీతం ఉండదు.

పైగా వదిన చదివింది కూడా ఆ యూనివర్సిటీలోనే, ఆ డిగ్రీయే, అప్పుచేసే. అన్నయ్యని పెళ్ళి చేసుకుని మా ఇంటికి వచ్చేనాటికే ఆ అప్పు వదిన వెంట ఉంది.

మా షాపులో ఒక పద్ధతుంది. ఏ మరక మీదైనా మందు వేసే ముందు, బట్ట లోపలి మడత మీద, ఎవరి కంటా పడని చోట ఒక్క చుక్క వేసి చూస్తాం. అక్కడ రంగు పోలేదంటే అప్పుడు ధైర్యంగా మరక మీద వేస్తాం. మా అమ్మ బతుకంతా ఇలాగే నడిపిస్తుంది. కొత్త చెప్పులు కొంటే వారంరోజులు ఇంట్లోనే తొడుక్కుని తిరిగి, కరవవని నమ్మకం కుదిరాకే గడప దాటిస్తుంది. నా చదువు సంగతికొచ్చేసరికి వదినని చూపించి ఒకటే మాట. "లోపలి మడత మీద వేసి చూసేశాం కదే! రంగు నిలిచింది. అప్పుచేసి చదివింది, మంచి ఉద్యోగం తెచ్చుకుంది, కంపెనీ వాళ్ళు కారిచ్చారు, ఒక్క నెల తప్పకుండా వాయిదా కడుతోంది. ఇంకేం కావాలి?"

కాబట్టి వదిన సరేనంటుందని నాకు అనుమానమే లేదు. తీరా అడిగితే అవునన్లేదు, కాదన్లేదు. "రేపు నాతో రా, కారులో మాట్లాడుకుందాం" అంది. ఇంట్లో మాట్లాడుకోలేనంత మాటేముంటుందబ్బా అనుకుంటూనే గురువారం పొద్దున్నే తయారై కూర్చున్నాను.

"ఏమే మరదలా, ఉద్యోగం నీదా నాదా? నాకంటే నువ్వే టింగురంగామంటూ తయారయ్యావ్" అంది వదిన, కారు తాళాలు వెతుక్కుంటూ. మా వదిన నన్ను ఏడిపించకుండా రోజు మొదలుపెట్టదు. ఆ రోజు కూడా ఏడిపించింది గానీ, మొహంలో నవ్వు లేదు.

వదిన ఉద్యోగం మందులమ్మడం. ఒంటికి వేసుకునే మందులు కాదు, ఫ్యాక్టరీల్లో మిషన్లు కడిగేవి, గ్రీజు కరిగించేవి. డిక్కీ నిండా శాంపిల్ డబ్బాలు. కారెక్కితే మా షాపు వాసనే వస్తుంది, కాకపోతే ఇంకాస్త ఖరీదైన వాసన.

మొదట ఒక ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్ళాం. అక్కడి కొనుగోళ్ళ మేనేజరు ఒక జోకు వేశాడు. ఆ జోకు పుట్టేనాటికి మా అమ్మమ్మ పుట్టి ఉండదు. వదిన మాత్రం ఇప్పుడే విన్నట్టు పకపకా నవ్వింది. ఎంత బాగా నవ్విందంటే నేనే నమ్మేశాను. బేరం ఇంచుమించు కుదిరాక, మిషను మీద పనిచేసే ఆయన చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది మా రబ్బరు రోలర్లని ఉబ్బించదు కదా? పోయినసారి వేరేవాళ్ళ మందు వాడితే ఉబ్బిపోయాయి" అన్నాడు.

వదిన మొహం చూడాలి! అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్న మనిషి గబుక్కున లేచింది. "ఏ రబ్బరు? పాత రోలరు ముక్కేమైనా ఉందా? ఎంతసేపట్లో ఉబ్బింది? మెత్తబడిందా, జిగురైందా?" అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూ, ఆయన తెచ్చిచ్చిన ముక్కని వేళ్ళతో నొక్కి, వాసన చూసి, వెలుతురుకి పట్టి చూసింది. "దీన్ని తూచి, మందులో నానబెట్టి, మళ్ళీ తూస్తే..." అంటూ ఉండగా మేనేజరు వాచీ చూసుకున్నాడు. అంతే. వదిన ఆ ముక్కని బల్ల మీద పెట్టేసి, "దాని వివరాల కాగితం పంపిస్తానండీ" అని, మళ్ళీ కుర్చీ అంచున కూర్చుంది.

కారులోకొచ్చాక అడిగాను. "నానబెట్టి చూస్తానన్నావు, చూడొచ్చుగా?"

"చూడ్డానికి మా కంపెనీలో వేరేవాళ్ళున్నారు. నా పని అమ్మడం."

"వాళ్ళు నీకంటే పెద్దవాళ్ళా?"

"నా జీతంలో సగం వస్తుంది వాళ్ళకి" అంది వదిన. కారు స్టార్ట్ చేసింది.

నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. నా గోల నాది. ఇదే సందు అనుకుని యూనివర్సిటీ వాళ్ళు సీటొచ్చినవాళ్ళందర్నీ పిలిచి చూపించిన రోజు గురించి మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదా సంగతి. చెప్పినా అమ్మ "క్యాంటీన్ బాగుందా?" అంటుంది.

అక్కడొక ల్యాబులో నిలువుగా గాజు గొట్టం, దాంట్లో తెల్లటి పొడి దట్టించి ఉంది. ఒక మేడమ్ నన్ను పిలిచి, పైన ఒక్క చుక్క నల్లసిరా వెయ్యమంది. తర్వాత పైనుంచి మందు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండమంది. పోశాను. ఆ నల్లచుక్క కిందికి దిగుతూ దిగుతూ విడిపోవడం మొదలుపెట్టింది వదినా! ముందు పసుపు జారింది. దాని వెనకాల గులాబీ. అందరికంటే ఆఖర్న, కదలనా వద్దా అన్నట్టు నీలం. నల్లసిరాలో నలుపన్నదే లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను సిరా మరకల్ని పోగొట్టడమే చూశాను. కోటు జేబుల్లో, చొక్కా కఫ్‌ల మీద, దొరికిన మరకని దొరికినట్టు తరిమెయ్యడమే. అక్కడ ఎవరూ దాన్ని తరమట్లేదు. "నువ్వెవరు, నీలో ఎవరెవరున్నారు" అని కూర్చోబెట్టి అడుగుతున్నారు. నీలం కింద దాకా దిగేవరకూ అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. నన్నెక్కించుకోవాల్సిన బస్సు వెళ్ళిపోయింది. దాని తర్వాతది కూడా పోయింది.

"ఆ రోజు నుంచీ నాకు మరింకేం వద్దు వదినా. అన్నం తింటున్నా అదే. కళ్ళు మూసుకున్నా ఆ నీలమే దిగుతోంది. నేను అక్కడికి వెళ్ళాలి. వెళ్ళకపోతే నేనేమైపోతానో నాకే తెలీదు."

ఇలా అంటుంటే నాకే ఏడుపొచ్చింది. సిగ్గేసి కిటికీ వైపు తిరిగాను. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించేస్తున్నారు. ఎర్రదీపం పోయి పచ్చదీపం ఎప్పుడో వెలిగింది. వదిన చూసుకోలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"వదినా, పచ్చ."

"ఆఁ" అంది. కారు కదిలింది.

మధ్యాహ్నం తినడానికి ఎక్కడైనా హోటలు దగ్గర ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. ఊరి చివర, నీళ్ళ పరీక్షల ల్యాబు ఎదురుగా, రోడ్డుకి ఇవతల గోడ నీడలో ఆపింది. ఊరికి వచ్చే తాగునీళ్ళన్నీ పరీక్ష చేసే చోటు అది. రెండంతస్తుల మామూలు బిల్డింగు. పై అంతస్తులో పెద్ద పెద్ద కిటికీలు. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ తిరుగుతున్నారు. వదిన టిఫిన్ డబ్బా తీసి ఒడిలో పెట్టుకుంది. నాకొకటి ఇచ్చింది. తింటూ పైకి చూస్తోంది. ఆ చూపు చూస్తే ఇక్కడ తినడం ఇది మొదటిసారి కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"రోజూ ఇక్కడే తింటావా?"

"ఇటువైపు పనున్న రోజుల్లో." తనే నవ్వింది. "పని లేని రోజుల్లో కూడా."

"ఎందుకు?"

"చదువవ్వగానే నా మొదటి ఉద్యోగం అందులోనే. మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ గుర్తుండదు, ఏడాది కూడా చెయ్యలేదు." చెంచాతో పైకి చూపించింది. "ఒకసారి ఒక బడి నుంచి నీళ్ళు తెచ్చారు. పిల్లలు తాగట్లేదు, చేదుగా ఉన్నాయంటున్నారని. అందరూ రుచి చూసి బాగానే ఉన్నాయి కదా అన్నారు. నేను వారంపాటు దాని వెంట పడ్డాను. ట్యాంకు లోపల కొత్తగా వేసిన రంగు నుంచి కొంచెం కొంచెం ఊరుతోంది. అది పట్టుకున్న రోజున, ఒట్టు, నాకు ఆకలే వెయ్యలేదు. నడిచి ఇంటికెళ్ళాను, ఎక్కడో గాల్లో."

"మరెందుకు మానేశావ్?"

"వాయిదా" అంది వదిన. 

లెక్కంతా చెప్పింది. ల్యాబులో వచ్చే జీతంలో సగానికి పైగా అప్పు వాయిదాకే పోయేది. మిగిలిందాంట్లో గది అద్దె, తిండి. ఒక నెల కడితే ఇంకో నెల చేబదులు. అప్పుడే ఈ మందుల కంపెనీ వాళ్ళు రెట్టింపు ఇస్తామన్నారు. డిగ్రీ ఉంది, మాటకారి, మనిషి చలాకీ. అమ్మడానికి పనికొస్తుందన్నారు. అప్పు తీరేదాకా చేసి, వెనక్కి వచ్చేద్దామనుకుంది.

"చూడు పిల్లా, అప్పు తీర్చడం కష్టమని అందరూ చెప్తారు. అది అంత కష్టమేం కాదు, నేను దాదాపు తీర్చేశాను. అప్పు తీర్చే ఉద్యోగమే చెయ్యాల్సి రావడం, అదీ కష్టం. కెమిస్ట్రీ కోసం అప్పు చేశాను. ఆ అప్పే నన్ను కెమిస్ట్రీ లోంచి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది."

"అమ్మ అలా చెప్పదే! రంగు నిలిచిందంటుంది."

"మీ అమ్మ నీకు షాపులో ఏం నేర్పింది? మడత మీద చుక్క వేశాక ఎప్పుడు చూడమంది?"

"ఆరాక."

"తడిగా ఉన్నప్పుడు ఏ బట్టయినా బాగానే కనిపిస్తుంది. ఈ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలుసు. నన్ను మాత్రం ఉద్యోగంలో చేరిన నెల్లోనే చూసి, జీతం బాగుంది, కారు బాగుంది, పాసు అనేశారు. ఆరాక చూసినవాళ్ళు ఒక్కరూ లేరు." కోపంగా అనలేదు. అదే నాకు బాధేసింది. కోపంగా అని ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని.

నాకు ఉక్రోషం వచ్చింది. నిజం వింటే నాకు ముందు వచ్చేది అదే. "అంటే ఏమంటావ్? రంగుల ఫ్యాక్టరీలో చేరమంటావా? మూడేళ్ళు చదువు, అయిదేళ్ళు వాళ్ళు చెప్పిన డబ్బా మూత తియ్యడం. అదేనా?"

"ఆ కోర్సుని అంత తీసిపారెయ్యకు. నాకా రోజుల్లో అలాంటిది దొరికి ఉంటే కళ్ళకద్దుకునేదాన్ని. రోజూ ల్యాబులో గాజు గొట్టాలు ముట్టుకుంటావు. పైసా అప్పుండదు. కాకపోతే ప్రశ్న వాళ్ళది, జవాబు నీది. ప్రశ్న కూడా నీదే కావాలంటే పెద్దదానికే వెళ్ళాలి. నీ మొహం చూస్తే నీకు ప్రశ్నే కావాలని తెలుస్తోంది."

"అయితే సంతకం పెట్టు."

"పెడతాను."

ఇంత సులువుగా అనేసరికి నేను నోరెళ్ళబెట్టాను. మరి ఇంత దూరం తీసుకొచ్చి, ఇంత కథ చెప్పి, ఇదేంటి?

వదిన డబ్బా మూత పెట్టింది. పైన కిటికీల్లోంచి ఎవరో చెయ్యెత్తారు, నెరిసిన జుట్టావిడ. వదిన కూడా చెయ్యెత్తింది.

"ఆవిడ నా పాత మేడమ్. మొన్న కారు దగ్గరికే దిగొచ్చింది. 'ఎన్నాళ్ళు ఇలా కింద కూర్చుని తింటావు, పైకి వచ్చెయ్యరాదూ' అంది. ఒక పోస్టు ఖాళీ అయింది. నన్ను తీసుకోవడానికి పైవాళ్ళని ఒప్పించింది. జీతం ఇప్పుడొచ్చేదాంట్లో సగం కూడా కాదు. కానీ నా అప్పు వచ్చే నెల్లో ఆఖరి వాయిదాతో తీరిపోతోంది. ఆ సగంతో బతికెయ్యొచ్చు. నేనూ మీ అన్నయ్యా, షాపూ, ఏదో లాక్కొచ్చెయ్యొచ్చు. ఈ వారంలో ఏదో ఒకటి చెప్పాలి."

 లెక్కల్లో నేను మొద్దునేం కాదు. హామీ సంతకం పెట్టేది వదిన కాదు, వదిన జీతం. బ్యాంకు వాళ్ళకి కావాల్సింది ఈ పెద్ద జీతం కాగితమే. చిన్న జీతం కాగితం వాళ్ళు మొహం మీదే తిప్పికొడతారు. ఎలాగో ఇప్పుడు పెట్టేసి తర్వాత మారదామన్నా, మొదటి నెల నుంచే వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ షాపు మొయ్యలేదు. నా నాలుగేళ్ళు, ఆ తర్వాత నాకు ఉద్యోగం దొరికి నిలదొక్కుకునేదాకా, వదిన మందులమ్ముతూనే ఉండాలి. మేనేజర్ల జోకులకి నవ్వుతూనే ఉండాలి.

"సొంత అప్పు ఇంకా ఒక వాయిదా ఉండగానే నీ అప్పు తగిలించుకుంటున్నాను. తాను దూర సందు లేదు, మెడకో డోలన్న సామెత నాకేగా సరిపోయింది" అంది వదిన. నవ్వడానికే అంది పాపం.

"అన్నయ్యకి తెలుసా?"

"చెప్పలేదు. చెబితే ఆ నిమిషంలోనే 'చెల్లి ఇక్కడే చదువుతుందిలే, నువ్వు వెళ్ళు' అంటాడు. నీ కాళ్ళకి అడ్డం పడి నేను మేడెక్కనా? అత్తయ్యకి చెబితే ఆవిడ పైకేమీ అనలేక లోపల్లోపలే బాధపడుతుంది. నాకు నీ మీద కోపం లేదు. వెళ్ళు. కానీ ఏమీ తెలియకుండా వెళ్ళొద్దు. తెలిసి వెళ్ళు. రేపు నీ చేతికి డిగ్రీ వచ్చాక, ఏ ఉద్యోగం చెయ్యాలో నువ్వు చెప్పాలి, వాయిదా చెప్పకూడదు. అంతకోసమే తీసుకొచ్చాను."

"నీకు పైకి వెళ్ళాలని లేదా వదినా?"

ఎందుకడిగానో!  వదిన కారు అద్దం దింపి, బయటికి చూసింది. రోడ్డవతల పైన ఎవరో సీసాలు కడుగుతున్నట్టున్నారు, ఇక్కడికి వినపడుతోంది, గాజుకి గాజు తగిలే చప్పుడు. వదిన ఆ చప్పుడు ఆగేదాకా విని, అప్పుడు అద్దం ఎత్తింది.

"ఉంది" అంది.

సాయంత్రం షాపుకొచ్చేసరికి అన్నయ్య కౌంటరు దగ్గర ఎగిరి గంతేసినంత పని చేస్తున్నాడు. బ్యాంకు ఆయన కోటు మా దగ్గరే ఉతుకుతాం. ఆ పరిచయంతో కాగితాలన్నీ ఇవాళే తెచ్చేసుకున్నాడట. సంతకాలు పెట్టేస్తే రేపు బ్యాంకు తెరిచే వేళకి ఇచ్చేస్తాడు, మధ్యాహ్నానికి యూనివర్సిటీకి కబురు వెళ్ళిపోతుంది. మా అన్నయ్య మంచితనం అంతా ఇంతా కాదు, ఎదుటివాళ్ళ మొహాలు చూసే అలవాటు ఒక్కటే లేదు.

"ఏమైంది? మీ వదిన ఏమంది?" అని అడిగింది అమ్మ, తగిలించిన కోట్ల మధ్యలోంచి తల బయటపెట్టి.

నేను నోరు తెరిచేలోపే వదిన అంది. "నేను సరేనన్నాను అత్తయ్యా."

"చెప్పలా! నా కోడలు బంగారం" అని అమ్మ మళ్ళీ కోట్లలోకి వెళ్ళిపోయింది. 

అన్నయ్య కాగితాల కట్ట కౌంటరు మీద పరిచి, కలం వదిన చేతికిచ్చాడు. వేలితో చూపిస్తున్నాడు, ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఈ పేజీలో కింద. వదిన కూర్చోలేదు. నిలబడే పెడుతోంది. మొదటి సంతకం పెట్టబోతూ ఒక్క క్షణం ఆగింది. అన్నయ్య నా వైపు తిరిగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ, "ఏమ్మా, సంతోషమేనా?" అన్నాడు.

వదిన తలెత్తలేదు. కలం కాగితానికి ఆనించి అలాగే పట్టుకుంది. నేనేం చెప్తానో వినడానికే ఆగిందని నాకు తెలుసు. తను ఒక్క మాట అనదు, నేను అనాలి. "ఆగు అన్నయ్యా" అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే కళ్ళముందు ఆ గాజుగొట్టం. నీలం దిగుతోంది, కదలనా వద్దా అన్నట్టు. నేను అక్కడ ఉండాలి. ఇంకెవరో కాదు, నేనే ఉండాలి. ఇంత ఆశ ఎక్కడ పెట్టుకుని తిరిగానో నా ఒంట్లో!

"సంతోషమే అన్నయ్యా" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. వదిన తల ఊపింది, ఎవరో దారి చెబితే ఊపినట్టు. సంతకం పెట్టింది. పేజీ తిప్పింది.

అప్పుడే కౌంటరు మీద వదిన ఫోను మోగింది. "మేడమ్" అని పేరు వెలుగుతోంది. వదిన చూసింది, నేను చూశాను.

"ఎవరోయ్, తియ్యి" అన్నాడు అన్నయ్య.

"చేతులు ఖాళీ లేవు కదండీ. పిల్లా, నువ్వు తియ్యవే. నేను రాలేనని చెప్పెయ్." మాట మామూలుగానే ఉంది. సంతకం చేస్తున్న చెయ్యి మాత్రం కాగితాన్ని గట్టిగా నొక్కేసింది.

ఫోను తీశాను. హలో అనేలోపే అవతలి గొంతు అందుకుంది. నేనే వదిననుకుంది.

"అమ్మాయ్, నేనే. జీతం గురించి మళ్ళీ వాళ్ళతో పోట్లాడానమ్మా. ఏదో కాస్త పెంచారు, మరీ కాస్తే, ఏమనుకోకు. నువ్వు వెళ్ళాక ఎంతమందో వచ్చారు, నీళ్ళు చేదెందుకని వారంపాటు వెంటపడినవాళ్ళు ఇంకొకరు రాలేదు. ఈ ఏడాదితో నేను రిటైరైపోతాను. ఆలోపు నిన్ను ఇక్కడొకసారి చూసుకుని వెళ్ళాలని ఉంది. సోమవారం వస్తావు కదూ?"

ఫోనుని చెవికి అదిమిపెట్టుకున్నాను. ఎదురుగా వదిన వంగి, ఆఖరి పేజీలో, ఆఖరి గీత మీద పేరు రాస్తోంది. మెడ మీద చెమట. తను రాలేనని నేను చెప్పడం కోసం ఎదురుచూస్తోంది.

"వస్తుందండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "సోమవారం తప్పకుండా వస్తుంది."

వదిన కలం గీత మధ్యలో ఆగలేదు. అలవాటైన చెయ్యి, పేరు పూర్తయిపోయింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది. అన్నయ్య ఆ కాగితం కూడా లాక్కుని, కట్టలో సర్దుకుంటూ నవ్వుమొహంతోనే అడిగాడు.

"సోమవారమా? ఎవరే, ఎక్కడికే వచ్చేది?"